త్రాసుతో రత్నాల గుట్టు విప్పిన అల్‌బిరూనీ

అబూ రైహాన్ అల్‌బిరూనీ అనగానే మనకు 'కితాబుల్ హింద్' గుర్తుకు వస్తుంది. సంస్కృతం నేర్చుకుని మరీ మన దేశపు శాస్త్రాలను, ఆచారాలను గ్రంథస్థం చేసిన పండితుడాయన. రత్న పరీక్షలోనూ ఆయన దిట్ట అన్న సంగతి మనలో చాలామందికి తెలియదు.

అల్‌బిరూనీ క్రీ.శ. 973లో ఖ్వారిజమ్‌లో జన్మించారు. ఆ ప్రాంతం ఇప్పుడు ఉజ్బెకిస్తాన్‌లో ఉంది. అబూ నస్ర్ మన్సూర్ వద్ద గణితం, ఖగోళశాస్త్రం అభ్యసించారు. 1017లో ఖ్వారిజమ్‌ను జయించిన సుల్తాన్ మహమూద్ ఆయన్ను గజనీకి తీసుకువెళ్లాడు. శేష జీవితమంతా దాదాపు అక్కడే గడిచింది.

ఆ కాలంలో బదఖ్షాన్ గనుల నుంచి 'లాల్' అనే ఎర్రని రాయి వచ్చేది. చూపులకు అచ్చం యాఖూత్ (కెంపు) లాగే ఉంటుంది, కానీ కెంపు కాదు. రంగును నమ్మి కొన్నవాడు నష్టపోవలసిందే. కన్ను మోసపోయినా త్రాసు మోసపోదని అల్‌బిరూనీ గ్రహించారు. శంకువు ఆకారంలో ఒక పాత్ర చేయించి, దాని మెడకు వంపు తిరిగిన గొట్టం అమర్చారు. పాత్ర నిండా నీరు పోసి రాయి వేస్తే, రాయి పరిమాణమెంతో అంత నీరు గొట్టం గుండా బయటికి వస్తుంది. ఆ నీటి బరువును రాయి బరువుతో పోల్చారు. నీలాన్ని 100గా లెక్కిస్తే, అంతే పరిమాణం గల లాల్ సుమారు 90 మాత్రమే తూగింది. నేటి లెక్కల్లో నీలం, కెంపుల సాంద్రత 4.0, లాల్‌ది 3.6. వెయ్యేళ్ల నాటి కొలత ఎంత సరైనదో చూడండి!

పచ్చను చూస్తే పాము కళ్లు పోతాయని అప్పట్లో ఒక నమ్మకం ఉండేది. ఆయన పాము మెడకు పచ్చల హారం చుట్టారు, బుట్టలో పచ్చలు పరిచారు, కళ్లెదుట వేలాడదీశారు. ఎండలోనూ చలిలోనూ తొమ్మిది నెలలు పరీక్షించారు. పాముకు ఏమీ కాలేదు. విన్నది పదిమంది చెప్పినదైనా సరే, పరీక్షించకుండా ఆయన ఒప్పుకోలేదు.

ఈ అనుభవాలన్నిటినీ వృద్ధాప్యంలో 'అల్ జమాహిర్' గ్రంథంలో పొందుపరచి సుల్తాన్ మౌదూద్‌కు అంకితమిచ్చారు. గజనీలోనే కన్నుమూశారు.

బ్రిటిష్ రాచకిరీటంలో శతాబ్దాలుగా కెంపుగా పేరుపొందిన పెద్ద ఎర్రరాయి నిజానికి లాల్ అని తరువాతి కాలంలో తేలింది. నేటి నిపుణులు ఆ రాళ్లను కాంతితో విడదీస్తారు. కెంపులో కిరణం రెండుగా చీలుతుంది, లాల్‌లో చీలదు. అయినా సాంద్రత చూడటం మాత్రం మానలేదు. రాయిని నీటిలో తూచే ఆ పరీక్ష రత్నశాలల్లో ఇప్పటికీ సాగుతూనే ఉంది.