దీపం వెలుగులో చూసింది దాచలేదు

ఫ్లోరెన్స్ నైటింగేల్ అనగానే మనందరికీ స్కూలు పుస్తకంలోని బొమ్మే గుర్తొస్తుంది. చీకటి వార్డు, వరుసగా మంచాలు, చేత దీపం పట్టుకుని నడిచే సన్నటి స్త్రీ. ఏటా ఆమె పుట్టినరోజైన మే 12న నర్సుల దినోత్సవం జరిపి దీపాలు వెలిగిస్తారు. అయితే ఆ దీపం వెలుగులో ఆమె ఏం చూసింది? చూసింది ఎవరికి చెప్పింది? అది ఆ బొమ్మలో కనబడదు.

మా నంగునూరు చుట్టుపక్కల ఊళ్ల ఆడపిల్లలు నర్సింగు చదివి సిద్దిపేటలోనో, హైదరాబాదులోనో దవాఖానల్లో చేరుతున్నారు. ఆయమ్మలుగా, ఆశా కార్యకర్తలుగా పనిచేసే వాళ్లూ ఉన్నారు. వాళ్లకూ, వాళ్ల చేతుల్లో ప్రాణాలు పెట్టే మనకూ ఆ బొమ్మలో లేని కథ తెలియడం అవసరం.

లెక్కలంటే ప్రాణం

1820లో ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో పుట్టింది కాబట్టి ఆ ఊరి పేరే పెట్టారు. తల్లిదండ్రులు ఇంగ్లండులో భూములూ బంగళాలూ ఉన్న సంపన్నులు. తండ్రి కూతుళ్లిద్దరికీ తానే పాఠాలు చెప్పేవాడు. చిన్నకూతురు ఫ్లోరెన్సుకు లెక్కలంటే ప్రాణం. పెద్దయ్యాక దవాఖానల నివేదికలు, మరణాల పట్టికలు తెప్పించుకుని చదివేది.

నర్సునవుతానంటే ఇంట్లో పెద్ద గొడవే అయింది. ఆ రోజుల్లో ఇంగ్లండులో అది గతిలేని ఆడవాళ్ల పని. తాగి పడుకుంటారని చెడ్డపేరు. అమ్మా అక్కా ఏడ్చినా, మంచి సంబంధం వచ్చినా ఆమె మనసు మారలేదు. 1851లో జర్మనీ వెళ్లి మూడు నెలలు శిక్షణ పొందింది. 1853లో లండన్‌లో జబ్బుపడిన స్త్రీల కోసం నడిచే ఒక చిన్న ఆస్పత్రికి పెద్దగా చేరింది. అక్కడ మొదట చేసిన పనులేమిటి? వేడినీళ్లు పై అంతస్తుదాకా గొట్టంలో వచ్చేట్టు, భోజనాలు పైకి చేరవేసే లిఫ్టు ఉండేట్టు, పిలిచింది ఏ రోగో నర్సుకు వెంటనే తెలిసేట్టు గంటలు పెట్టించడం. మెట్లెక్కి దిగడంతోనే నర్సు ఒళ్లు హూనమైతే రోగిని చూసేదెప్పుడు? ఇల్లు నడిపే ఏ ఆడదానికైనా ఈ మాట ఇట్టే అర్థమవుతుంది.

స్కుటారి నరకం

1854లో బ్రిటన్ రష్యామీద క్రిమియా యుద్ధంలోకి దిగింది. గాయపడ్డ బ్రిటిష్ సైనికుల దుస్థితి పత్రికలకెక్కి దేశం అట్టుడికింది. మంత్రి సిడ్నీ హెర్బర్ట్ కోరికపై ఆమె 38 మంది నర్సులతో ఆ నవంబరులో టర్కీలోని స్కుటారికి చేరింది. అదొక పాత సైనిక బారకాసు. దానికింద మురుగు కాలువలు పూడిపోయి ఉన్నాయి. మంచాల మధ్య ఎలుకలు తిరుగుతున్నాయి. కట్టుకోను చొక్కా లేదు, తాగేందుకు చెంచా లేదు. బట్టలు ఉతికే దిక్కు లేదు.

డాక్టర్లకు ఈ ఆడవాళ్లు రావడమే ఇష్టం లేదు. ఆమె పోట్లాటకు దిగలేదు. డాక్టర్లు పిలిచేదాకా నర్సులెవరూ వార్డులోకి అడుగు పెట్టవద్దంది. నాలుగు రోజుల్లోనే గాయపడ్డవాళ్లు కుప్పలుగా రావడంతో వాళ్లే పిలిచారు. ఒక ఇల్లు అద్దెకు తీసుకుని, బాయిలర్లు పెట్టించి, సైనికుల భార్యలకు జీతమిచ్చి ఉతుకుడు పని అప్పజెప్పింది. పగలంతా పని, రాత్రి లాంతరు పట్టుకుని వార్డుల చుట్టూ తిరగడం. అందరూ ఇంటికి తిరిగొచ్చాక మనసుల్లో నిలిచింది ఆ లాంతరే.

ఆ తర్వాత ఆమె కాగితం ముందు కూర్చునేది. హెర్బర్ట్‌కు వరుసగా ఉత్తరాలు రాసింది. వాటిలో కన్నీళ్లు తక్కువ, వివరాలు ఎక్కువ. ఏ వస్తువు లేదు, ఎవరు ఇవ్వాలి, ఎందుకు ఇవ్వలేదు, ఏం చేస్తే వస్తుంది. చనిపోయినవారి లెక్కే తీసుకుంటే మూడుచోట్ల మూడు రిజిస్టర్లు, మూడింట్లో మూడు అంకెలు! ఎంతమంది పోతున్నారో తెలియని చోట ఎందుకు పోతున్నారో ఎట్లా తెలుస్తుంది?

1855 ఫిబ్రవరికి అక్కడ చేరినవాళ్లలో నూటికి 42 మందికి పైగా చనిపోయారు. మార్చిలో ప్రభుత్వం పంపిన శుభ్రత కమిషన్ వచ్చి మురుగు తోడించి, నీళ్ల కాలువ బాగుచేయించి, గాలి ఆడేట్టు చేసింది. జూన్ నాటికి మరణాలు నూటికి రెండుకు దిగాయి.

తన ఇంటి గుట్టు తానే

1856లో ఆమె వేరే పేరుతో, ఊరేగింపులూ దండలూ తప్పించుకుని ఇంగ్లండు చేరింది. దేశం ఆమెను దేవతను చేసింది. ఆ పేరుమీదే హాయిగా బతికేయవచ్చు. ఆమె మాత్రం లెక్కల నిపుణుడు విలియం ఫార్‌తో కలిసి యుద్ధకాలపు అంకెలన్నీ ముందేసుకుంది. గాయాలతో పోయినవారికన్నా విరేచనాలు, విషజ్వరాల వంటి జబ్బులతో పోయినవారు ఎన్నో రెట్లున్నారు. ఇంకా చేదు నిజమేమంటే, ఆ మొదటి చలికాలం ఘోరంగా చావులు జరిగిన చోటు ఆమె నర్సులను నడిపిన స్కుటారియే.

కడుపు చించుకుంటే కాళ్లమీద పడుతుందంటారు పెద్దలు. అందుకే ఇంటి గుట్టు బయట పెట్టరు. ఆమె పెట్టింది. 1858లో వందల పేజీల నివేదిక రాసింది. మంత్రులు అంకెలు చదవరని తెలిసి రంగుల చక్రాల బొమ్మలు వేయించింది. నీలం రంగు ఆపగలిగిన జబ్బులతో పోయినవారిది, ఎరుపు గాయాలతో పోయినవారిది. నీలం ముందు ఎరుపు ఏపాటిదో చదువురాని వాళ్లకూ తెలిసిపోతుంది. అదే ఏడు లండన్ గణాంక సంఘంలో సభ్యత్వం పొందిన మొదటి మహిళ అయింది. దవాఖానకు మొట్టమొదటి ధర్మం రోగికి తనవల్ల హాని జరగకుండా చూడడమని ఆ తర్వాతి పుస్తకంలో రాసింది.

మూసేసిన కాన్పుల వార్డు

1860లో ఆమె పేర లండన్‌లోని సెయింట్ థామస్ ఆస్పత్రిలో నర్సుల బడి మొదలైంది. ఆ నిధితోనే కింగ్స్ కాలేజీ ఆస్పత్రిలో మంత్రసానులకు శిక్షణనిచ్చే కాన్పుల వార్డు కూడా తెరిచారు. అక్కడ నేర్చుకుని పల్లెలకు వెళ్లి పురుళ్లు పోయాలని ఆశ. తీరా చూస్తే బాలింతలు సూతికా జ్వరంతో రాలిపోసాగారు. వెయ్యి కాన్పులకు 33 మంది! దేశం మొత్తం మీద ఆ అంకె ఐదు దగ్గర ఉండేది.

తన పేరుకు మచ్చ వస్తుందని ఆమె వెనకాడలేదు. 1867లో వార్డు మూసేశారు. అంతటితో ఊరుకోక ఎన్నోచోట్ల కాన్పుల లెక్కలు సేకరించి, 1871లో తన వార్డు అంకెలతో సహా పుస్తకంగా అచ్చు వేయించింది. పెద్ద ప్రసూతి ఆస్పత్రిలో కంటే ఇంట్లో పురుడు పోసుకున్న పేద తల్లికే ఆ రోజుల్లో ప్రాణాపాయం తక్కువని అది చాటింది. ఆమె అన్నీ తెలిసిన మనిషి కాదు. క్రిముల సంగతిని చాలాకాలం నమ్మలేదు, చెడుగాలే కారణమనుకుంది. అయినా నిజాయితీగా వేసిన లెక్క ఆమెను సరైన తోవనే నడిపించింది.

మన దేశానికి రాకుండానే

ఆమె ఏనాడూ మన దేశంలో కాలుపెట్టలేదు. 1857 నుంచి జబ్బుతో ఎక్కువగా మంచం పట్టే ఉంది. ఆ మంచంమీద నుంచే మన దండు పేటలన్నిటికీ ప్రశ్నల కాగితాలు పంపించింది. నీళ్లు ఎక్కడివి? మురుగు ఎటు పోతుంది? మంచానికీ మంచానికీ ఎడమెంత? మన సికింద్రాబాదు దండు కూడా ఆ లెక్కలో ఉంది. ఇక్కడి బ్రిటిష్ సైనికుల్లో ఏటా వెయ్యికి 69 మంది చనిపోతున్నారని 1863లో తేలింది. పదేళ్ల తర్వాత ఆ అంకె 18కి తగ్గింది. దండు ఒక్కటే బాగుంటే చాలదు, పక్కనున్న ఊరు బాగుపడాలని ఆమె గ్రహించింది. కరువు కాలంలో సాగునీటి కోసం, మన గోదావరి ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్ పక్షాన నిలబడి రాసింది.

ఇప్పటి మాట

ఇదంతా ఎప్పటి కథో అనుకోవద్దు. 2022 ఆగస్టు 25న రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం ప్రభుత్వ దవాఖానలో ఒక్కరోజే 34 మంది స్త్రీలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. రోజుల తేడాలోనే నలుగురు తల్లులు కన్నుమూశారు. పరికరాల శుభ్రతలో లోపంవల్ల ఇన్‌ఫెక్షన్ సోకిందని విచారణలో తేలింది.

ఇట్లాంటి లోపాలు ముందుగా కళ్లబడేది ఎవరికి? పెద్ద డాక్టరుకన్నా ముందు సిస్టరుకు, ఆయమ్మకు, మంచం పక్కన కూర్చున్న తల్లికి. ఉడకబెట్టకుండానే తిరిగొచ్చిన కత్తెర, ఒక రోగి దగ్గర వాడి ఇంకొకరి దగ్గరికి తెచ్చిన గ్లవ్స్, వాడిన సూదికి మళ్లీ మూత పెట్టమనే పద్ధతి, రాత్రంతా వార్డు మొత్తానికి ఒక్క నర్సు. చూసిన పిల్ల మింగలేక కక్కలేక ఊరుకుంటుంది. చెప్తే ఉద్యోగం పోతుందని భయం. ఆ భయం ఉత్తది కాదు.

ఇక్కడే నైటింగేల్ పద్ధతి పనికొస్తుంది. చాటున గొణగడం, ఒకరిమీద నేరం మోపడం కాకుండా, తేదీ, సమయం, ఏం జరిగింది, ఎన్నిసార్లు జరిగింది అన్నది రాసిపెట్టుకోవడం. తోటివాళ్లిద్దరిని కలుపుకుని, దిద్దగల అధికారం ఉన్నవారికి కాగితం మీదే ఇవ్వడం. నకలు ఒకటి దగ్గర ఉంచుకోవడం. జవాబు రాకపోతే పై మెట్టుకు, కలెక్టరాఫీసు దాకానైనా వెళ్లడం. ఇక దవాఖాన నడిపే పెద్దలు నేర్చుకోవలసింది ఇంకా పెద్దది. చెప్పిన పిల్లను వెళ్లగొట్టకుండా, చెప్పిన లోపాన్ని వెళ్లగొట్టడం.

తాను లేనప్పుడు కూడా ఆ పని సరిగ్గా జరిగే ఏర్పాటు చేసినప్పుడే బాధ్యత తీరినట్టని ఆమె 1859 నాటి నర్సింగు పుస్తకంలో ఒక అధ్యాయమంతా రాసింది. 1907లో బ్రిటన్ రాజు ఇచ్చే ఆర్డర్ ఆఫ్ మెరిట్ గౌరవం పొందిన మొదటి మహిళగా నిలిచి, 1910 ఆగస్టు 13న తొంభయ్యో ఏట కన్నుమూసింది. రాజులను పూడ్చే చోట సమాధి కడతామంటే ఇంటివాళ్లు వద్దని, సొంతూరి దగ్గరి చర్చి ఆవరణలో పూడ్చారు.

వచ్చే మే 12న మన నర్సమ్మల చేతికి దీపంతోపాటు ఒక నోటు పుస్తకం, ఒక పెన్ను కూడా ఇస్తే ఎంత బాగుంటుంది!