బాపూజీ నడకకు హాజరుపట్టీ

మన సంఘం ప్రత్యేక సంచికకు ఆరోగ్యం గురించి ఏదైనా రాయమని సంపాదకవర్గం వారు కోరారు. నేను వైద్యుణ్ణి కాను. ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా రిజిస్టర్లు రాసినవాణ్ణి. అందుచేత నాకు తెలిసిన లెక్కాపత్రాల దారిలోనే గాంధీ మహాత్ముడి నడక గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ మనల్ని అడిగేవారు ఉండేవారు. వేళకు హాజరుపట్టీలో సంతకం పడకపోతే ఎర్ర సిరాతో గుర్తు పడేది. ఫైలు కదలకపోతే మెమో వచ్చేది. పదవీ విరమణ చేశాక ఏడాదికొకసారి లైఫ్ సర్టిఫికెట్ ఇస్తే చాలు, ఇంక అడిగేవారు లేరు. రేపటి నుంచి తెల్లవారుజామున నడుస్తానంటాం. కొత్త బూట్లు కొంటాం. వారం రోజులు బాగానే సాగుతుంది. తరువాత ఒక రోజు వాన, మరో రోజు పెళ్లి, ఇంకో రోజు మోకాళ్ల నొప్పి. బూట్లు మంచం కిందికి చేరతాయి. సంజాయిషీ అడిగే అధికారి లేడు. అయితే ఏ అధికారీ లేకుండానే గాంధీజీ జీవితమంతా ఎలా నడిచారు? నేను గమనించినంతలో, ఆయన ఎప్పుడూ ఎవరో ఒకరికి జవాబు చెప్పవలసిన స్థితిలో తనను తాను ఉంచుకున్నారు.

ఆయన 1869 అక్టోబరు 2న పోరుబందరులో పుట్టారు. చిన్నప్పుడు వ్యాయామమంటే ఆయనకు బొత్తిగా ఇష్టం లేదంటే చాలామంది నమ్మరు. రాజకోట ఉన్నత పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడు గిమీగారు కసరత్తు, క్రికెట్ అందరికీ తప్పనిసరి చేశారు. బిడియస్తుడైన మోహనదాసుకు ఆ ఆటస్థలం నచ్చలేదు. ఇంటికి వెళ్లి జబ్బుతో ఉన్న తండ్రికి సేవ చేయాలని ఉండేది. ఒక శనివారం సాయంత్రం నాలుగు గంటలకు కసరత్తు. చేతిలో గడియారం లేదు, ఆకాశం మబ్బు పట్టి ఉంది. ఆయన వెళ్లేసరికి అందరూ వెళ్లిపోయారు. మర్నాడు హాజరుపట్టీ చూసి గిమీగారు కారణం అడిగారు. జరిగింది జరిగినట్టు చెప్పినా నమ్మలేదు. అణానో, రెండణాలో జరిమానా వేశారు. డబ్బు పోయినందుకు కాదు, అబద్ధమాడినట్టు లెక్కకట్టినందుకు ఆ పిల్లవాడు ఏడ్చాడు. సత్యం చెప్పేవాడు జాగ్రత్తగా కూడా ఉండాలని ఆనాడే గ్రహించానని తరువాత ఆత్మకథలో రాసుకున్నారు. తండ్రి ఉత్తరం రాయడంతో కసరత్తు నుంచి మినహాయింపు దొరికింది. కాని ఆరుబయట దూరం నడిస్తే మంచిదని పుస్తకాల్లో చదివి, నడక అలవాటు చేసుకున్నారు. మినహాయింపు దొరికినా పని మానలేదన్నమాట.

1888లో బారిష్టరు చదువుకు లండను వెళ్లేముందు, మద్యమాంసాలూ పరస్త్రీ జోలీ ముట్టనని తల్లి పుత్లీబాయి ఎదుట ప్రమాణం చేశారు. లండనులో పైసా పైసాకూ లెక్క రాశారు. బస్సు ఛార్జీలు, తపాలా బిళ్లలు, పత్రికలు ఏవీ వదలలేదు. ప్రతి రాత్రి పడుకునేముందు నిల్వ తేల్చేవారు. మన క్యాష్ బుక్ అంత కచ్చితంగా ఉండేదది. ఆ లెక్కలు చూసుకునే ఖర్చు సగానికి తగ్గించాలని నిర్ణయించారు. పని ఉన్న చోటికి అరగంటలో నడిచి వెళ్లగలిగిన గదికి మారారు. బండి ఛార్జీ మిగిలింది, రోజుకు ఎనిమిది పది మైళ్ల నడక కలిసివచ్చింది. ఆ దేశంలో జబ్బు పడకుండా ఉండడానికి ఈ నడకే ముఖ్య కారణమని ఆయన అభిప్రాయం.

1891లో బొంబాయి రేవులో దిగాక, తల్లి అప్పటికే కన్నుమూసిందని అన్నగారు చెప్పారు. ప్రమాణం చేయించుకున్న మనిషి లేదు. అయినా ఆయన మద్యమాంసాల జోలికి పోలేదు. ఆఫీసరు బదిలీ అయినా రిజిస్టరు ఆగకూడదు. పెన్షనర్లమైన మనకు ఇంతకంటే దగ్గరి పాఠం లేదనుకుంటాను.

దక్షిణాఫ్రికాలో 1910లో మిత్రుడు కాలెన్‌బాక్ ఇచ్చిన స్థలంలో టాల్‌స్టాయ్ ఫారం వెలిసింది. జోహాన్నెస్‌బర్గ్ అక్కడికి 21 మైళ్లు. ఆశ్రమం పని మీద వెళ్లేవారికి రైల్లో మూడో తరగతి. సొంత పని మీదో, సరదాకో వెళ్లదలిస్తే కాలినడకే. రాత్రి రెండు గంటలకు లేచి, రెండున్నరకు బయలుదేరి, ఆరేడు గంటల్లో పట్నం చేరేవారు. అందరికంటే త్వరగా చేరిన వారికి పట్టిన సమయం 4 గంటల 18 నిమిషాలు. ఆ నియమానికి ఆయనా కట్టుబడ్డారు. పదిమంది కలిసి ఒప్పుకున్న నియమం కనుక పక్కవాడు లేస్తే మనమూ లేవక తప్పదు.

ఆయన లెక్కల్లో లోటు కూడా కనబడుతుంది. 1912లో పాలు మానేశారు. 1918లో ఖేడా జిల్లాలో విపరీతంగా తిరిగి ఆరోగ్యం చెడింది. కొద్దిగా తగ్గాక ఒక పండుగనాడు కస్తూరిబా చేసిన గోధుమ తీపి జావ, పెసలు చూసి నిగ్రహించుకోలేక కడుపు నిండా తిన్నారు. గంటలోపే తీవ్రమైన విరేచనాలు పట్టుకుని చావు అంచు దాకా వెళ్లారు. ఎంతకూ కోలుకోకపోతే, వ్రతం ఆవు గేదె పాలకే కదా, మేకపాలు తాగమని కస్తూరిబా పట్టుబట్టింది. ఆయన తాగారు. మాట నిలిచింది గాని వ్రతం సారం నిలవలేదని తానే అచ్చులో ఒప్పుకున్నారు. ఇలాంటి సంగతులు చాలామంది దాచుకుంటారు. ఆడిట్ అభ్యంతరాన్ని తానే రాసి తానే బయటపెట్టినవారు అరుదు. తప్పిన రోజును కూడా ఉన్నదున్నట్టు రాసుకుంటేనే మర్నాడు లెక్క మళ్లీ మొదలవుతుంది. దాచినవాడి పుస్తకం అక్కడే ఆగిపోతుంది.

1930 మార్చి 12న సబర్మతి నుంచి 78 మంది అనుచరులతో దండికి బయలుదేరేనాటికి ఆయనకు అరవై ఏళ్లు నిండాయి. ఆంధ్రదేశం నుంచి ఎర్నేని సుబ్రహ్మణ్యంగారు ఆ దళంలో ఉన్నారు. సుమారు 240 మైళ్లు. అవసరమైతే ఎక్కడానికి గుర్రం వెంట ఉన్నా ఆయన ఎక్కలేదు. ప్రతి సత్యాగ్రహీ రోజూ ప్రార్థన చేయాలి, నూలు వడకాలి, దినచర్య పుస్తకం రాయాలి. ఎంత అలసినా రాత పని తప్పదు. ఏప్రిల్ 5న దండి చేరి, 6న ఉప్పు పట్టారు. 77 ఏళ్ల వయసులో, 1947లో, మతకల్లోలాలతో చితికిపోయిన నౌఖాలీలో చెప్పులు లేకుండా ఊరూరా నడిచారు.

ఉక్కు శరీరం గలవాడని అనుకోవద్దు. 1919లో మొలలకు, 1924లో అపెండిసైటిస్‌కు శస్త్రచికిత్స జరిగింది. మలేరియా వచ్చింది. ఆయన ఆరోగ్య పత్రాలను భారత వైద్య పరిశోధన మండలి 2019లో ప్రచురించింది. 1939లో ఆయన బరువు 46.7 కిలోలు. 1940లో ఒకనాడు రక్తపోటు 220/110. మనలో బి.పి. మాత్రలు వేసుకునేవారికి ఆ అంకె అర్థం తెలుసు. అటువంటి మనిషి నలభై ఏళ్లు సగటున రోజుకు 18 కిలోమీటర్లు నడిచారని ఆ గ్రంథం లెక్క. అంతెందుకు, 1948 జనవరి 30న పటేలుగారితో మాటల్లో పడి ప్రార్థనకు సుమారు పది నిమిషాలు ఆలస్యమైందని నొచ్చుకుంటూ, ఇద్దరు ఆడపిల్లల భుజాల మీద చేతులు వేసి వేగంగా నడుస్తుండగానే ఆయన నేలకొరిగారు.

ఆయన ఉపవాసాలూ ఆహార ప్రయోగాలూ మనం అనుకరించనక్కరలేదు. షుగరు, గుండె జబ్బు ఉన్నవారు డాక్టరును అడిగే ఏదైనా మొదలుపెట్టాలి. ఎంత దూరమన్నది కూడా డాక్టరే చెప్పాలి. ఆయన దగ్గర మనం తీసుకోవలసింది మైళ్ల సంఖ్య కాదు, ఆ పద్ధతి. చేయగలిగినంత పనే నియమంగా పెట్టుకోవడం, దాన్ని ఒకరి ఎదుట చెప్పడం, తోడు వెతుక్కోవడం, ప్రతి రాత్రి రాసుకోవడం, తప్పిన రోజును దాచకపోవడం. ఈ అయిదింటికీ ఖర్చు లేదు.

ఈ సంచిక చేతికి అందాక ఇంట్లో ఉన్న ఏ పాత డైరీ అయినా తీయండి. నడిచిన రోజున ఎంతసేపు నడిచారో, నడవని రోజున ఎందుకు నడవలేదో ఒక్క ముక్క రాయండి. వారానికొకసారి ఇంట్లో ఒకరిచేత చూపించి సంతకం చేయించుకోండి. మనవడో మనవరాలో అయితే మరీ మంచిది, వాళ్లు మొహమాటపడరు. వచ్చే సర్వసభ్య సమావేశానికి ఆ డైరీలు తెచ్చుకుందాం. ఒకరి లెక్క ఒకరం తనిఖీ చేసుకుందాం.