పచ్చి పాలలో ప్రమాదాన్ని పసిగట్టిన ఆలిస్ ఇవాన్స్



సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు మా అమ్మమ్మ తెల్లవారకముందే గేదె పాలు పితికి, నురగ తగ్గకుండానే ఒక గ్లాసు నా చేతికి ఇచ్చేది. గుమ్మపాలు తాగితే ఒంటికి బలం అని ఆమె నమ్మకం. మీలో చాలామంది ఇళ్ళలో కూడా ఈ అలవాటు ఉండే ఉంటుంది. మన హాస్టల్లో మాత్రం పాలు పొంగి, బాగా కాగితే గానీ పొయ్యి మీద నుంచి దించరు. ఈ రెండింటిలో ఏది మంచిది? ఈ ప్రశ్నకు జవాబు చెప్పడానికి ఏళ్ళ తరబడి పోరాడి, ఆ పనిలోనే తన ఆరోగ్యాన్ని పోగొట్టుకున్న ఒక మహిళా శాస్త్రవేత్త ఉన్నారు. ఆమె పేరు ఆలిస్ కేథరిన్ ఇవాన్స్. ఆమె జీవితం గురించి మనమందరం తెలుసుకోవాలి.

బాల్యం

ఆలిస్ ఇవాన్స్ 1881 జనవరి 29న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో నీత్ అనే పల్లెటూరులో జన్మించారు. తండ్రి రైతు. పొలాలు కొలిచే సర్వే పని కూడా చేసేవారు. తల్లి పద్నాలుగేళ్ళ వయసులో వేల్స్ దేశం నుంచి అమెరికాకు వలస వచ్చిన కుటుంబానికి చెందినవారు. ఆలిస్ మొదట ఇంట్లోనే తల్లిదండ్రుల దగ్గర అక్షరాలు నేర్చుకున్నారు. తరువాత ఊళ్ళో ఒకే ఒక గది ఉన్న బడిలో చదివారు. పై చదువుకు టొవాండా పట్టణంలోని పాఠశాలలో చేరారు. ఆడపిల్లలు ఆటలాడితే వింతగా చూసే ఆ రోజుల్లోనే ఆమె బాస్కెట్‌బాల్ జట్టులో ఆడేవారు.

1901లో పాఠశాల చదువు పూర్తయింది. కాలేజీకి వెళ్ళాలని ఆమెకు ఎంతో ఆశ. కానీ ఇంట్లో అంత డబ్బు లేదు. అప్పట్లో చదువుకున్న ఆడపిల్లకు దొరికే ఉద్యోగం దాదాపు టీచరు ఉద్యోగం ఒక్కటే. ఆమె నాలుగేళ్ళు టీచరుగా పనిచేశారు.

ఉచిత చదువు తెరిచిన దారి

ఆ సమయంలో కార్నెల్ విశ్వవిద్యాలయం పల్లెటూళ్ళ టీచర్ల కోసం ప్రకృతి అధ్యయనంలో రెండేళ్ళ ఉచిత కోర్సు నడుపుతోంది. ఆలిస్ అందులో చేరారు. మొక్కలు, పురుగులు, జీవరాశుల గురించి చదువుతుంటే ఆమెకు సైన్సు మీద ఇష్టం పెరిగింది. అక్కడి వ్యవసాయ కళాశాలలో ఫీజు లేకపోవడం వల్ల చదువు కొనసాగించి, 1909లో బ్యాక్టీరియాల శాస్త్రంలో డిగ్రీ పొందారు. వెంటనే విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో స్కాలర్‌షిప్ వచ్చింది. బ్యాక్టీరియాల శాస్త్రంలో ఆ స్కాలర్‌షిప్ పొందిన మొదటి మహిళ ఆమే. 1910లో మాస్టర్స్ డిగ్రీ పూర్తి చేశారు. పీహెచ్‌డీ చేయమని ప్రొఫెసరు ప్రోత్సహించినా, ఆమె ఉద్యోగంలో చేరడానికే నిర్ణయించుకున్నారు.

ఫీజు లేని కోర్సు, స్కాలర్‌షిప్ ఆమెకు అందకపోయి ఉంటే ఆమె ఊరి బడిలోనే ఉండిపోయేవారు. ప్రభుత్వ హాస్టల్లో ఉండి చదువుకుంటున్న మనకు ఈ మాట విలువ వేరే చెప్పనక్కరలేదు.

పాలశాఖలో ఉద్యోగం

అమెరికా వ్యవసాయ శాఖలోని పాడి విభాగంలో ఆమెకు ఉద్యోగం వచ్చింది. మొదటి మూడేళ్ళు విస్కాన్సిన్‌లోనే ఉండి జున్నుగడ్డ రుచిని పెంచే బ్యాక్టీరియాల మీద పనిచేశారు. 1913లో రాజధాని వాషింగ్టన్‌కు బదిలీ అయ్యారు. ఆ విభాగంలో శాశ్వత ఉద్యోగం పొందిన మొదటి మహిళా శాస్త్రవేత్త ఆమే. ఒక మహిళ వస్తోందని తెలిసి అక్కడి అధికారులు కంగారు పడ్డారట. అయినా ఆమె పట్టించుకోకుండా తన పనిలో మునిగిపోయారు.

ఆమెకు అప్పగించిన పని, ఆవు పొదుగులో నుంచి అప్పుడే పితికిన పాలలో ఏ ఏ బ్యాక్టీరియాలు ఉంటాయో పరిశీలించడం. అప్పట్లో అందరి నమ్మకం ఏమిటంటే, పొదుగులోని పాలు స్వచ్ఛమైనవి, పితికే చేతులు, పాత్రలు, కొట్టం మురికిగా ఉంటేనే పాలు చెడతాయి అని. అందుకే శుభ్రమైన డెయిరీ నుంచి వచ్చిన పచ్చి పాలు తాగడం మంచిదేనని చదువుకున్నవాళ్ళు కూడా అనుకునేవారు.

రెండు పేర్లు, ఒకే కుటుంబం

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్ళాలి. మధ్యధరా సముద్రంలోని మాల్టా దీవిలో బ్రిటిష్ సైనికులకు ఒక వింత జ్వరం వచ్చేది. జ్వరం వారాల తరబడి పెరుగుతూ తగ్గుతూ ఉండేది. విపరీతమైన చెమటలు, కీళ్ళ నొప్పులు, నీరసం. 1887లో డేవిడ్ బ్రూస్ అనే సైనిక వైద్యుడు చనిపోయిన సైనికుల శరీరాల నుంచి ఈ జ్వరానికి కారణమైన బ్యాక్టీరియాను వేరుచేశారు. 1905లో మాల్టాకు చెందిన జమ్మిత్ అనే వైద్యుడు, చూడటానికి ఆరోగ్యంగా ఉన్న మేకలలోనే ఆ క్రిమి ఉందని కనిపెట్టారు. మరుసటి ఏడాది సైనికులకు మేకపాలు ఆపేశారు. జ్వరం కేసులు ఒక్కసారిగా తగ్గిపోయాయి.

మరోవైపు డెన్మార్క్‌లో 1897లో బెర్న్‌హార్డ్ బ్యాంగ్ అనే పశువైద్యుడు, చూడి ఆవులు నెలలు నిండకముందే ఈసుకుపోవడానికి కారణమైన బ్యాక్టీరియాను కనుగొన్నారు. ఇది పశువులకే పరిమితమైన జబ్బు అని అందరూ అనుకున్నారు.

బ్రూస్ కనుగొన్నది గుండ్రని క్రిమి అని, బ్యాంగ్ కనుగొన్నది కడ్డీలాంటి క్రిమి అని పుస్తకాలలో రాశారు. రెండింటికీ వేరు వేరు పేర్లు. ఒకటి మనుషుల డాక్టర్లు చదివే పుస్తకంలో, మరొకటి పశువుల డాక్టర్లు చదివే పుస్తకంలో ఉంది. అందుకే ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలని ఎవరికీ తోచలేదు.

ఆలిస్ ఇవాన్స్ ఆ పని చేశారు. రెండింటినీ ఒకే రకమైన ఆహారం మీద పెంచారు. సూక్ష్మదర్శిని కింద పోల్చారు. రక్తపు సీరంతో పరీక్షించారు. గినీ పందుల మీద ప్రయోగించారు. ఏ పరీక్షలో చూసినా అవి దాదాపు ఒకేలా ఉన్నాయి. చాలా సూక్ష్మమైన పరీక్షలో తప్ప తేడా దొరకలేదు. పైగా ఈ క్రిమి జబ్బు లక్షణాలేవీ లేని ఆవుల పొదుగుల నుంచి కూడా పాలలోకి వస్తోంది. అంటే డెయిరీ ఎంత శుభ్రంగా ఉన్నా లాభం లేదు. క్రిమి బయటి మురికిలో లేదు, పాలతోపాటే వస్తోంది.

1917 డిసెంబరులో అమెరికా బ్యాక్టీరియా శాస్త్రవేత్తల సంఘం సమావేశంలో ఆమె ఈ విషయం చెప్పారు. 1918లో పత్రంగా ప్రచురించారు. ఆవుపాల ద్వారా కూడా మనుషులకు ఈ జ్వరం రావచ్చునని, పాలను వేడిచేశాకే వాడాలని ఆమె హెచ్చరించారు.

ఎవరూ నమ్మలేదు

ఇంత ముఖ్యమైన విషయం చెబితే అందరూ మెచ్చుకొని ఉంటారని మనం అనుకుంటాం. కానీ జరిగింది వేరు. ఆ రెండు క్రిములు అంత దగ్గరివైతే ఇన్నేళ్ళుగా ఇంతమంది పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు ఎందుకు గమనించలేదని అడిగారు. ఆమె మహిళ, పైగా పీహెచ్‌డీ లేదు, ఆమె మాటకు విలువ ఏమిటని కొట్టిపారేశారు. థియోబాల్డ్ స్మిత్ వంటి మహా శాస్త్రవేత్త కూడా ఆమె నిర్ణయాలను శంకించారు. పాల వ్యాపారులకు పాలు వేడిచేసే యంత్రాలంటే అదనపు ఖర్చు. వాళ్ళకూ ఆమె మాట నచ్చలేదు.

ఆలిస్ వాదనలకు దిగలేదు. 1918లోనే ఆమె అమెరికా ప్రజారోగ్య శాఖకు చెందిన హైజీనిక్ ల్యాబొరేటరీలో చేరి, పని చేసుకుంటూ పోయారు. 1920లో కాలిఫోర్నియాలో కార్ల్ మేయర్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరుడు షా ఆమె ప్రయోగాలను తిరిగి చేసి చూశారు. ఆమె చెప్పినదే నిజమని తేలింది. డేవిడ్ బ్రూస్ గౌరవార్థం ఈ క్రిముల కుటుంబానికి బ్రూసెల్లా అని పేరు పెట్టారు. జబ్బుకు బ్రూసెల్లోసిస్ అనే పేరు అలా వచ్చింది. తరువాతి సంవత్సరాలలో అమెరికాలోనే ఒక్కొక్క రోగి బయటపడసాగారు. టైఫాయిడ్ అనో, మలేరియా అనో అనుకున్న జ్వరాలలో కొన్ని నిజానికి ఈ జ్వరమేనని వైద్యులకు అర్థమైంది.

తనకే సోకిన జబ్బు

1922లో ప్రయోగశాలలో పనిచేస్తుండగా ఆలిస్‌కే ఈ క్రిమి సోకింది. అప్పటికి దీనికి మందు లేదు. జ్వరం వస్తూ పోతూ ఉండేది. కొన్నాళ్ళు బాగుండి, మళ్ళీ మంచాన పడేవారు. పరీక్షలలో క్రిమి దొరకకపోవడంతో వైద్యులు అది జ్వరమే కాదని, నరాల బలహీనత అని తేల్చారు. లేని జబ్బును ఊహించుకుంటోందని అనుకున్నారు. ఆమె చెప్పిన శాస్త్రాన్ని నమ్మని లోకం ఆమె చెప్పిన నొప్పిని కూడా నమ్మలేదు. ఇది చదువుతుంటే నాకు చాలా బాధ కలిగింది. చివరికి 1928లో వేరే కారణంతో ఆపరేషన్ చేసినప్పుడు, ఆమె శరీరంలోని పుండ్ల నుంచి బ్రూసెల్లా క్రిములు బయటపడ్డాయి. అప్పుడు గానీ వైద్యులు ఒప్పుకోలేదు. ఇరవై ఏళ్ళకు పైగా ఈ జబ్బు ఆమెను వేధించింది.

గెలిచిన నిజం

అదే 1928లో అమెరికా బ్యాక్టీరియా శాస్త్రవేత్తల సంఘం ఆమెను అధ్యక్షురాలిగా ఎన్నుకుంది. ఏ సంఘం ముందు ఆమె మాటను శంకించారో ఆ సంఘానికే ఆమె మొదటి మహిళా అధ్యక్షురాలు అయ్యారు. 1930లో పారిస్‌లో జరిగిన మొదటి అంతర్జాతీయ సూక్ష్మజీవ శాస్త్ర మహాసభకు అమెరికా ప్రతినిధిగా వెళ్ళారు. 1930లలో అమెరికాలో పాలను పాశ్చరైజ్ చేయాలన్న నియమాలు వ్యాపించాయి.

పాశ్చరైజేషన్ అంటే పాలను సుమారు 63 డిగ్రీల సెల్సియస్ వద్ద అరగంట సేపు, లేదా 72 డిగ్రీల వద్ద 15 సెకన్లు వేడిచేసి వెంటనే చల్లార్చడం. ఈ వేడికి బ్రూసెల్లాతోపాటు క్షయ క్రిమి, సాల్మొనెల్లా వంటివి కూడా చనిపోతాయి. ఈ పద్ధతికి పేరునిచ్చిన లూయీ పాశ్చర్ దానిని 1860లలో ద్రాక్షసారా చెడిపోకుండా కనిపెట్టారు. పాల విషయంలో అది ఎందుకు తప్పనిసరో చెప్పినవారిలో ఆలిస్ ఇవాన్స్ ముఖ్యులు.

ఈ జ్వరానికి మందు దొరకడంలో మన తెలుగువారికి కూడా పాత్ర ఉంది. 1948లో వెలువడిన ఆరియోమైసిన్ అనే మందు ఈ జ్వరం మీద బాగా పనిచేసింది. ఆ మందు తయారైన లెడర్లీ పరిశోధనశాలకు అప్పుడు నాయకత్వం వహించినవారు భీమవరంలో పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు. నేడు ఈ జబ్బుకు వాడే డాక్సీసైక్లిన్ కూడా ఆ కుటుంబానికి చెందిన మందే.

ఆలిస్ ఇవాన్స్ 1945లో పదవీ విరమణ చేశారు. ఆ తరువాత కూడా ఆడపిల్లలు సైన్సు చదవాలని సభలలో మాట్లాడుతూ ఉండేవారు. 1975 సెప్టెంబరు 5న, 94 ఏళ్ళ వయసులో కన్నుమూశారు.

మనం నేర్చుకోవలసినది

మిత్రులారా! ఈ జబ్బు మన ఊళ్ళ పశువులలో కూడా ఉంది. 2019లో మొదలైన జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమంలో 4 నుంచి 8 నెలల వయసున్న పెయ్యదూడలకు దీని టీకా వేస్తున్నారు. మన ఇంట్లో పెయ్యదూడ ఉంటే ఒక్కసారి ఆ టీకా వేయించమని పెద్దలకు చెబుదాం. గేదె ఈసుకుపోతే ఆ పిండాన్ని, మాయను ఉత్త చేతులతో పట్టుకోకూడదు. లోతుగా గొయ్యి తీసి పాతిపెట్టాలి. జ్వరం వారాల తరబడి వస్తూ పోతూ ఉంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి, ఇంట్లో పశువులు ఉన్న సంగతి కూడా డాక్టరు గారికి చెప్పాలి. పాలు ఎంత తాజావైనా, మన గేదెవే అయినా, కాచి తాగాలి.

మొన్న సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఈ కథ మా అమ్మమ్మకు చెప్పాను. నాలుగు ముక్కలు చదువుకోగానే నాకే నేర్పుతున్నావా అన్నట్టు మొదట నవ్వింది. మరునాడూ చెప్పాను. మూడోనాడు ఏమీ మాట్లాడకుండా పాలగిన్నె పొయ్యి మీద పెట్టింది. చెప్పినది ఎవరు అని కాక, చెప్పినది ఏమిటి అని చూడటం ఎవరికైనా కొంచెం కష్టమే. నిజం చెప్పేవారికి ఓపిక కావాలి. ఆ ఓపికకు మరో పేరే ఆలిస్ ఇవాన్స్.