విమానం కిటికీ మూలలు గుండ్రంగా ఎందుకు? జెఫ్రీ డి హావిలాండ్ జీవితం

1932 అక్టోబర్ 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి బొంబాయికి టపా తెచ్చారు. ఆ టపాను నెవిల్ విన్సెంట్ మన బళ్లారి మీదుగా మద్రాసు చేర్చారు. బళ్లారి, మద్రాసు తెలుగువారు ఈ సంగతి గర్వంగా చెప్పుకుంటారు. ఆ ప్రయాణానికి వాడిన విమానం పస్ మాత్. దాన్ని తయారుచేసిన కంపెనీ అధిపతి జెఫ్రీ డి హావిలాండ్ గురించి మాత్రం మనలో తెలిసినవారు తక్కువ. అందుకే ఈ నాలుగు మాటలు.

ఆయన 1882 జూలై 27న ఇంగ్లండులో ఒక పాదిరి ఇంట పుట్టారు. తాతగారిచ్చిన డబ్బుతో సొంతంగా విమానం కట్టారు. రెక్కల గుడ్డ కుట్టింది భార్య లూయీ. 1909 డిసెంబరులో అది నేల విడిచిన కాసేపటికే రెక్క విరిగి కూలింది. రెక్క లోపలి కర్ర దూలానికి చాలినంత బలం లేదు. ఆయన స్వల్ప గాయాలతో బయటపడి, గట్టి కర్రతో మరొకటి కట్టారు. 1910 సెప్టెంబరులో అది ఎగిరింది. ప్రభుత్వం దాన్ని 400 పౌండ్లకు కొని, ఆయనకు ఉద్యోగం కూడా ఇచ్చింది.

1920లో సొంత కంపెనీ పెట్టారు. మాత్ విమానాలు దేశదేశాల ఫ్లయింగ్ క్లబ్బులకు చేరాయి. మొదటి ఏళ్లలో కొన్ని పస్ మాత్‌లు గాలిలోనే రెక్క విరిగి కూలాయన్నదీ దాచకూడదు. యుద్ధకాలంలో కర్రతో చేసిన మస్కిటో ఆయన కంపెనీకి గొప్ప పేరు తెచ్చింది. కానీ 1943లో ఒక కొడుకు, 1946లో మరో కొడుకు కంపెనీ విమానాలు నడుపుతూనే చనిపోయారు. 1949లో భార్య పోయారు. ఆ ఏడాదే, సరిగ్గా ఆయన పుట్టినరోజున, ప్రపంచంలో మొదటి జెట్ ప్రయాణికుల విమానం కామెట్ గాలిలోకి లేచింది.

కామెట్ 35 వేల అడుగులకు పైన ఎగిరేది. అక్కడ గాలి పలచన. మనిషి బతకాలంటే లోపల గాలి నింపాలి. చదరపు అంగుళానికి దాదాపు ఎనిమిదింపావు పౌండ్ల ఒత్తిడి. ఎగిరిన ప్రతిసారీ విమానం ఒళ్లు కాస్త ఉబ్బుతుంది, దిగాక తగ్గుతుంది. ఇనుప తీగ ఒక్కసారి లాగితే తెగదు. అటూ ఇటూ వంచుతూ పోతే పుటుక్కున తెగుతుంది. దీన్నే లోహపు అలసట అంటారు.

1953 మే 2న కలకత్తా నుంచి లేచిన కామెట్ గాలివానలో విరిగి 43 మంది పోయారు. 1954 జనవరిలో ఇటలీ పక్కన ఎల్బా దీవి దగ్గర మరొకటి సముద్రంలో పడింది, 35 మంది. కామెట్లను ఆపారు. అనుమానం వచ్చినచోటల్లా మార్పులు చేసి, అసలు కారణం తేలకుండానే మార్చిలో మళ్లీ వదిలారు. ఏప్రిల్ 8న నేపుల్స్ దగ్గర మూడోది, 21 మంది. మేము గుమాస్తాగిరీలో జీవితం గడిపినవాళ్లం. కారణం రాయకుండా మూసిన ఫైలు మళ్లీ బల్ల మీదికి రావడం చూశాం. ఇక్కడ తిరిగివచ్చింది కాగితం కాదు, ప్రాణాలు.

అప్పుడు కామెట్ యోగ్యతాపత్రం రద్దు చేశారు. ఫార్న్‌బరోలో ఆర్నాల్డ్ హాల్ బృందం ఒక కామెట్ ఒంటిని నీళ్ల తొట్టిలో ముంచి, లోపల కూడా నీళ్లు నింపి, ఒత్తిడి పెంచుతూ తగ్గిస్తూ పోయింది. గాలి అయితే పగిలినప్పుడు బాంబులా పేలుతుంది, నీరు పేలదు. ఆకాశంలో 1,221, తొట్టిలో 1,836, మొత్తం 3,057 సార్లకు ఒక మూల నుంచి రేకు చీలింది. ఎల్బా దగ్గర పడినది 1,290 సార్లే ఎగిరింది. సముద్రం నుంచి తీసిన దాని ముక్కల్లో చీలిక పైకప్పు మీది ఏరియల్ కిటికీ మూల నుంచి మొదలైనట్టు తేలింది. రేకులో చతురస్రంగా కోసిన చోట ఒత్తిడంతా మూలలకు చేరుతుంది. అక్కడి రివెట్ రంధ్రాలే పగులుకు పుట్టిల్లు.

మరి ముందు పరీక్షించలేదా? పరీక్షించారు. కంపెనీ పరీక్షలో నమూనా 16 వేల సార్లకు పైగా తట్టుకుంది. కానీ అదే నమూనాకు అంతకుముందు బలం పరీక్ష కోసం రెట్టింపు ఒత్తిడి పెట్టారు. దానితో మూలల్లో లోహం కాస్త సాగి, తర్వాత మామూలు ఒత్తిడికి ఎక్కువ కాలం ఓర్చుకుంది. ప్రయాణికుల విమానాలకు అంత ఒత్తిడి ఎప్పుడూ పెట్టలేదు. పరీక్షే వాళ్లను మోసగించింది. మోసం చేద్దామని ఎవరూ అనుకోలేదు, అయినా జరిగింది.

ఆ తర్వాత నిబంధనలు మారాయి. బలం పరీక్షకు ఒక విమానం ఒళ్లు, అలసట పరీక్షకు వేరొకటి కేటాయించడం పద్ధతి అయింది. ఒకచోట పగులు వచ్చినా పక్క భాగం బరువు మోసి, తనిఖీలో బయటపడేదాకా విమానాన్ని నిలబెట్టేలా కట్టాలన్నారు. కిటికీల మూలలు గుండ్రమయ్యాయి. పిల్లల్ని చూడటానికి విమానమెక్కే మన పెద్దలు ఈసారి ఆ కిటికీని ఒకసారి చేత్తో తడిమి చూడండి.

డి హావిలాండ్ కంపెనీ దందాగా దబాయించలేదు. లోపాన్ని ఒప్పుకుని, మందపు రేకులతో కామెట్ 4 కట్టింది. 1958 అక్టోబర్ 4న అది ప్రయాణికులతో అట్లాంటిక్ దాటింది. ఈలోగా బోయింగ్ 707 వచ్చేసింది, కామెట్ వ్యాపారం కోలుకోలేదు. 1965 మే 21న ఆయన 82వ ఏట కన్నుమూశారు. అప్పటికి కామెట్లు ఇంకా ఎగురుతూనే ఉన్నాయి.