యల్లాప్రగడ సుబ్బారావు

శాస్త్రజ్ఞుని కృషిని ఆయన ప్రకటించిన పరిశోధన వ్యాసాలను బట్టి అంచనా కట్టడం లోకంలో పరిపాటి. ఏ పత్రికలో, ఏ సంవత్సరంలో, ఎవరి పేరు ముందుగా అచ్చయిందన్నదే అక్కడ ప్రమాణం. ఆ కొలబద్దతో చూస్తే యల్లాప్రగడ సుబ్బారావు చప్పున కంటికి ఆనడు. ఆయన పేరు కొన్ని వ్యాసాలలో రెండవ స్థానంలో ఉంటుంది. మరికొన్నింటిలో పదిమంది పేర్ల నడుమ ఒదిగి ఉంటుంది. కొన్నిచోట్ల అసలే ఉండదు. కాని కండరం దేని బలంతో కదులుతుందన్న ప్రశ్నకు సమాధానం వెదికినవారిలో ఆయన ఒకడు. రక్తహీనతకు, బోదకాలుకు, రక్తకాన్సరుకు వచ్చిన మందుల చరిత్ర ఆయన ప్రస్తావన లేకుండా సాగదు.

సుబ్బారావు 1895 జనవరి 12న గోదావరి సీమలోని భీమవరంలో జన్మించాడు. తల్లిదండ్రులు వెంకమ్మ, జగన్నాథం. సంసారానికి కలిమి తక్కువ. రాజమండ్రిలో కొంతకాలం చదివి, చివరకు మద్రాసు హిందూ ఉన్నత పాఠశాల నుండి మూడవ ప్రయత్నంలో మెట్రిక్యులేషన్ గట్టెక్కాడు. పరీక్ష తప్పినవారిని మందమతులుగా లెక్కించే పెద్దలకు ఈ సంగతి గుర్తుండదు. ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ పూర్తిచేసి, మద్రాసు వైద్య కళాశాలలో చేరాడు. ఆ చదువుకు మిత్రులు, ఆ తరువాత మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తి తోడ్పడ్డారు.

అవి గాంధీజీ పిలుపు దేశమంతటా మారుమోగుతున్న రోజులు. సుబ్బారావు శస్త్రచికిత్స తరగతికి ఖద్దరు అంగీతో వెళ్లాడు. ఆంగ్లేయుడైన ఆచార్యునికి అది నచ్చలేదు. రాతపరీక్షలలో సమర్థతను చూపినా, ఆయనకు పూర్తి పట్టం దక్కలేదు. అంతకంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించింది. ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగం దొరకక, మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించాడు. స్ప్రూ అనే జీర్ణవ్యాధి ఆయన సోదరులను బలిగొన్నది. తిన్న ఆహారం ఒంటబట్టక, రక్తం క్షీణించి, మనిషి శుష్కించిపోయే జబ్బు అది. ఆనాటి వైద్యుల చేతిలో దానికి మందు లేదు.

మామగారి ధనసహాయంతోను, కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన మాటతోను ఆయన అమెరికాకు ప్రయాణమయ్యాడు. 1922 అక్టోబరు 26న బోస్టన్ నగరంలో అడుగుపెట్టాడు. భార్య శేషగిరి ఇక్కడనే ఉండిపోయింది. వారికి పుట్టిన కుమారుడు పసితనంలోనే మరణించాడు. సుబ్బారావు మరల స్వదేశానికి రానేలేదు. ఆ ఎడబాటు ఆమె జీవితమంతా నిండింది. పరిశోధనల చరిత్ర రాసేవారు దీనిని ఒక్క వాక్యంతో దాటిపోతారు.

హార్వర్డులో ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా పొందాడు. రాత్రులు ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలను శుభ్రపరిచి పొట్టపోసుకున్నాడు. అనంతరం జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్క్ అనే ఆచార్యుని వద్ద చేరాడు. రక్తంలో, మూత్రంలో, కణజాలంలో భాస్వరం ఎంత ఉన్నదో తేలికగా, కచ్చితంగా కొలిచే పద్ధతిని కనుగొనడం ఆయనకు అప్పగించిన పని. ద్రావణానికి ఆమ్లాన్ని, మాలిబ్డేటును కలిపి, మరొక రసాయనంతో చర్య జరిపిస్తే నీలిరంగు పుడుతుంది. రంగు ఎంత చిక్కనైతే భాస్వరం అంత ఎక్కువ. 1925లో వెలువడిన ఈ వ్యాసం ఫిస్క్-సుబ్బారావు పద్ధతి పేరుతో ప్రపంచమంతటి ప్రయోగశాలలకు చేరింది. విజ్ఞాన శాస్త్రంలో అత్యధికంగా ఉదహరింపబడిన వ్యాసాలలో అది ఒకటి.

ఆ పద్ధతిని కండరం నుండి తీసిన రసంపై ప్రయోగించినపుడు ఒక చిత్రం జరిగింది. రావలసిన వేగంతో నీలిరంగు రాలేదు. తడవుచేసి, మెల్లమెల్లగా చిక్కబడింది. మరొకరైతే పరికరాన్నో, రసాయనాన్నో నిందించి ఊరుకునేవారు. ఈ ఇద్దరూ ఆ ఆలస్యాన్ని పట్టుకున్నారు. కండరంలోని భాస్వరంలో కొంత మరొక పదార్థంతో జతగూడి ఉన్నదనీ, ఆమ్లం తగిలాక ఆ బంధం క్రమంగా తెగి విడుదలవుతున్నదనీ గ్రహించారు. ఆ పదార్థమే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో దానిని ప్రకటించారు. ఇంచుమించు అదే సమయంలో ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు కూడా దాని జాడ కనిపెట్టారు.

అంతవరకు కండరం ముడుచుకోవడానికి లాక్టిక్ ఆమ్లమే కారణమని నమ్మేవారు. ఆ దిశగా కృషిచేసిన హిల్, మేయర్‌హాఫ్‌లకు 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి కూడా వచ్చింది. కొత్త పదార్థం వెల్లడి కాగానే ఆ సిద్ధాంతపు పునాది కదిలింది. 1930లో డెన్మార్కుకు చెందిన లుండ్స్‌గార్డ్, లాక్టిక్ ఆమ్లం ఏర్పడకుండా చేసిన కండరం సైతం ముడుచుకుంటుందని నిరూపించాడు. కండర శాస్త్రంలో విప్లవం వచ్చిందని హిల్ స్వయంగా ఒప్పుకున్నాడు. 1929లో ఫిస్క్, సుబ్బారావులు ఎ.టి.పి.ని కూడా వేరుచేశారు; జర్మనీలో లోమాన్ విడిగా అదే సాధించాడు. జీవకణం ఖర్చుపెట్టే శక్తికి ఎ.టి.పి. చేతిలోని చిల్లర వంటిదైతే, ఫాస్ఫోక్రియాటిన్ అవసరానికి తీసుకునే నిల్వ వంటిది. కండరంలోనే కాదు, మెదడులోను, నరాలలోను ఈ ఏర్పాటే పనిచేస్తుంది.

1930లో సుబ్బారావుకు డాక్టరేటు వచ్చింది గాని, హార్వర్డులో స్థిరమైన ఆచార్య పదవి రాలేదు. ఫిస్క్ వద్ద జరిగిన పనిలో చాలా భాగం అచ్చుకెక్కలేదు. ఆయన వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడులను ఎన్నో ఏళ్ల తరువాత ఇతరులు మళ్లీ మొదటినుండి కనుగొనవలసి వచ్చిందని, ఫిస్క్ ఆ ఫలితాలను వెలుగులోకి రానీయకపోవడమే అందుకు కారణమని జార్జి హిచింగ్స్ తరువాతి కాలంలో వెల్లడించాడు. హిచింగ్స్ ఆ రోజులలో అదే ప్రయోగశాలలో విద్యార్థి. 1988లో నోబెల్ బహుమతి గ్రహీత. అచ్చుకాని పని శాస్త్రలోకానికి జరగని పనితో సమానం. సుబ్బారావు దీనిపై రచ్చకెక్కలేదు. ఆ మౌనం ఔదార్యమో, నిస్సహాయతో తేల్చి చెప్పడం కష్టం.

1940లో ఆయన న్యూయార్కు రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలకు మారి, అక్కడ పరిశోధనలకు అధిపతి అయ్యాడు. అంతకు ముందు బొంబాయిలో లూసీ విల్స్ అనే వైద్యురాలు, గర్భిణులకు వచ్చే ఒక రకపు రక్తహీనత ఈస్టు సారంతో నయమవుతుందని 1931లో తెలిపింది. ఆ సారంలోని గుణకారి ఫోలిక్ ఆమ్లం. దానిని కృత్రిమంగా తయారుచేసినట్లు సుబ్బారావు బృందం 1945లో ప్రకటించింది. ఆ వ్యాసం మీద పదహారుమంది పేర్లున్నాయి. ఆయనది వాటి నడుమ ఎక్కడో కనిపిస్తుంది. స్ప్రూ రోగులకు అది మేలుచేస్తుందని మరుసటి ఏటికల్లా రుజువైంది. తన సోదరులకు దొరకని మందు అలా ఆయన ప్రయోగశాల నుండే బయటికి వచ్చింది.

బోస్టన్‌లో పిల్లల రక్తకాన్సరుకు చికిత్స వెదుకుతున్న సిడ్నీ ఫార్బర్, ఫోలిక్ ఆమ్లం ఆ జబ్బును మరింత రెచ్చగొడుతున్నదని గమనించాడు. అయితే ఆ ఆమ్లానికి అడ్డుతగిలే పదార్థం కావాలి. లెడర్లీ రసాయనజ్ఞులు అమినాప్టెరిన్‌ను తయారుచేసి పంపారు. 1948 జూన్‌లో ఫార్బర్ ప్రకటించిన వ్యాసం ప్రకారం పదహారుమంది పిల్లలలో పదిమందికి కొంతకాలం పాటు వ్యాధి తగ్గుముఖం పట్టింది. మందుతో రక్తకాన్సరు వెనుకకు తగ్గడం అపూర్వం. ఆ వ్యాసకర్తలలో సుబ్బారావు లేడు. దానికి దగ్గరి బంధువైన మెథోట్రెక్సేట్‌ను వైద్యులు నేటికీ వాడుతున్నారు.

బోదకాలుకు వాడే డైఇథైల్ కార్బమజైన్ 1947లో ఆయన బృందం నుండే వచ్చింది. గోదావరి జిల్లాలకు ఆ జబ్బు కొత్త కాదు. ఊరూరా ప్రభుత్వం పంచిన మాత్రలలో ఇదే ముఖ్యమైనది. వృక్ష శాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గర్ అక్కడనే కనుగొన్న ఆరియోమైసిన్, టెట్రాసైక్లిన్ జాతి మందులలో మొదటిది, 1948లో వైద్యలోకం ముందుకు వచ్చింది. దానిని కూడా సుబ్బారావు తన పేరుతో ప్రకటించుకోలేదు.

ఆ సంవత్సరమే ఆగస్టులో, నిద్రలో గుండె ఆగి, యాభైమూడవ ఏట ఆయన కన్నుమూశాడు. 1953లో ఒక కొత్త బూజుజాతికి సుబ్బారోమైసిస్ అని పేరు పెట్టారు. శతజయంతి సందర్భంగా 1995లో భారత తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు విడుదల చేసింది.