జి.డి.నాయుడు

గోపాలస్వామి దొరైస్వామి నాయుడు (1893 మార్చి 23 - 1974 జనవరి 4) ప్రముఖ ఆవిష్కర్త, పారిశ్రామికవేత్త, దక్షిణ భారతదేశంలో మోటారు రవాణాకు బాటలు వేసినవారిలో ఒకడు. జి.డి.నాయుడుగా సుప్రసిద్ధుడు. భారతదేశపు ఎడిసన్ అని ఈయనకు పేరు. ప్రాథమిక విద్యకు మించి చదువుకోని నాయుడు, ఒక మోటారు సైకిలును విప్పి బిగించడంతో యంత్రవిద్యను ఆరంభించి, కోయంబత్తూరు కేంద్రంగా పెద్ద బస్సుల సంస్థను నిర్మించాడు. దేశంలో తొలి విద్యుత్ మోటారు తయారీలో పాలుపంచుకున్నాడు. సాంకేతిక విద్యాలయ స్థాపనకు విరాళమిచ్చాడు. మరమ్మత్తు పనిని శాస్త్రవిద్యకు తొలిమెట్టుగా భావించిన వ్యక్తిగా ఈయన జీవితం గమనింపదగినది.

బాల్యం

నాయుడు 1893 మార్చి 23న, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో, కోయంబత్తూరుకు సమీపాన ఉన్న కలంగల్ గ్రామంలో ఒక తెలుగు వ్యవసాయ కుటుంబంలో జన్మించాడు. తండ్రి గోపాలస్వామి నాయుడు. విజయనగర రాజుల, నాయక రాజుల కాలాలలో తమిళదేశానికి తరలివెళ్ళి స్థిరపడిన తెలుగు కుటుంబాలు కోయంబత్తూరు ప్రాంతంలో అనేకం ఉన్నాయి. ఇంట తెలుగు, ఊరిలో తమిళం మాట్లాడడం వారికి పరిపాటి. నాయుడు చిన్నతనంలోనే తల్లిని కోల్పోయాడు. బడిచదువు ఆయనకు రుచించలేదు. ప్రాథమిక స్థాయిలోనే అది ఆగిపోయింది.

మోటారు సైకిలు

యౌవనంలో నాయుడు ఒక ఆంగ్లేయ అధికారి వద్ద రడ్జ్ మోటారు సైకిలును చూశాడు. ఎద్దులు గానీ గుర్రాలు గానీ లేకుండా నడిచే ఆ బండి ఆయన మనసును ఆకట్టుకుంది. దానిని కొనాలనే సంకల్పంతో గ్రామం విడిచి కోయంబత్తూరు చేరి, ఒక హోటలులో వడ్డన పనికి కుదిరాడు. కొన్నేళ్ళపాటు జీతం కూడబెట్టి మోటారు సైకిలును సంపాదించాడు. దానిని పూర్తిగా విప్పి, ఏ భాగం ఏ పని చేస్తుందో గ్రహించి, మళ్ళీ యథాతథంగా బిగించాడు. ఆ విధంగా గురువు లేకుండానే మెకానిక్ అయ్యాడు.

తరువాత పత్తి వ్యాపారంలో ప్రవేశించి ధనం గడించాడు గానీ, బొంబాయి విపణిలో నష్టపోయాడు. దానితో తిరిగి యంత్రాలవైపు మళ్ళాడు.

రవాణా రంగం

1920లో, కోయంబత్తూరులోని ఆంగ్లేయ పారిశ్రామికవేత్త రాబర్ట్ స్టేన్స్ తోడ్పాటుతో నాయుడు ఒక బస్సును కొన్నాడు. పొల్లాచ్చి, పళని పట్టణాల మధ్య దానిని స్వయంగా నడిపాడు. ఈ ఒక్క బండితో మొదలైన వ్యాపారమే యూనివర్సల్ మోటార్ సర్వీస్‌గా ఎదిగింది. యు.ఎం.ఎస్. అనే పొడి అక్షరాలతో ప్రసిద్ధి చెందిన ఈ సంస్థ కొద్ది కాలంలోనే రెండు వందలకు పైగా బస్సులు నడిపే స్థాయికి చేరింది. దేశంలో సమర్థంగా నడిచే ప్రయాణ సంస్థలలో ఒకటిగా గుర్తింపు పొందింది.

ఆనాటి బండ్లు, మరమ్మత్తులు

ఆ రోజులలో మోటారు బండ్లు, వాటి విడిభాగాలు విదేశాలనుండి ఓడలలో వచ్చేవి. ఒక చిన్న భాగం విరిగినా కొత్తది వచ్చేవరకు బండి షెడ్డులోనే ఉండవలసి వచ్చేది. అందువలన బస్సులు నడిపేవారికి మరమ్మత్తు విద్య అత్యవసరం.

ముందు అద్దాన్ని తుడిచే వైపరు ఇందుకు మంచి ఉదాహరణ. అమెరికాకు చెందిన మేరీ ఆండర్సన్ 1903లో దీనికి పేటెంటు పొందింది. అది లోపలినుండి చేతితో తిప్పే సాధనం. ఆ తరువాత వచ్చిన వైపర్లలో చాలా వాటిని ఇంజను పీల్చుకునే గాలి శక్తితో నడిపేవారు. బండి ఎత్తు ఎక్కేటప్పుడు డ్రైవరు పెడలు గట్టిగా తొక్కితే ఆ పీల్పు తగ్గి, వైపరు మందగించేది, ఒక్కోసారి ఆగిపోయేది. ఇది యంత్రం చెడిపోవడం కాదు, దాని స్వభావమే. అలాకాక, చదును నేలమీద కూడా వైపరు కదలకపోతే రబ్బరు గొట్టం పగిలిందా, లోపలి పట్టీ అరిగిందా, కీలు బిగుసుకుపోయిందా అని వరుసగా పరీక్షించవలసి ఉండేది. తరువాతి కాలంలో చిన్న విద్యుత్ మోటారుతో నడిచే వైపర్లు వాడుకలోకి వచ్చాయి. వాటిలో ఫ్యూజు, తీగలు, మోటారు, చేతిని కదిపే కడ్డీలు, చివర రబ్బరు, ఈ క్రమంలో దోషాన్ని వెదుకుతారు. యంత్రాన్ని భాగాలుగా విడదీసి, పని చేస్తున్నదానిని పక్కన పెట్టి, చేయనిదానిని పట్టుకోవడం అన్ని మరమ్మత్తులకూ మూలసూత్రం. నాయుడు తన మొదటి మోటారు సైకిలు వద్ద నేర్చుకున్నది ఈ పద్ధతినే.

విద్యుత్ మోటారు

బస్సుల నిర్వహణలో గడించిన అనుభవం నాయుడును తయారీ రంగానికి చేర్చింది. కోయంబత్తూరు సమీపంలోని పీలమేడులో నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్స్ అనే కర్మాగారాన్ని నెలకొల్పాడు. అక్కడ 1937లో డి. బాలసుందరం నాయుడుతో కలిసి విద్యుత్ మోటారును రూపొందించాడు. ఇది భారతదేశంలో తయారైన తొలి విద్యుత్ మోటారుగా ప్రసిద్ధి పొందింది. బాలసుందరం నాయుడు తరువాత టెక్స్‌టూల్ సంస్థను స్థాపించాడు. బావులనుండి నీరు తోడి సేద్యం చేసే కొంగునాడుకు మోటార్లు, పంపుల అవసరం ఎంతైనా ఉంది. కాలక్రమంలో కోయంబత్తూరు ఈ రెండింటి తయారీలో దేశంలోనే ముఖ్య కేంద్రమైంది.

ఇతర ఆవిష్కరణలు

బ్యాటరీ సెల్లులతో తిరిగే చిన్న మోటారును అమర్చిన రసాంట్ అనే గడ్డం గీసుకునే యంత్రం నాయుడు ఆవిష్కరణలలో ప్రసిద్ధమైనది. అతి పలుచని క్షౌరపు బ్లేడులు, పండ్లరసం తీసే యంత్రం, కిరోసిను పంకా, మోసానికి వీలులేని ఓటు నమోదు యంత్రం మొదలైనవి కూడా రూపొందించాడు. 1941లో ఐదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే తయారుచేయగలనని ప్రకటించాడు. ఫోటోగ్రఫీ మీద కూడా ఆసక్తి ఉండేది. 1936లో లండనులో జరిగిన ఐదవ జార్జి చక్రవర్తి అంత్యక్రియలను స్వయంగా చిత్రీకరించాడు.

1952లో ఇద్దరు కూర్చునే పెట్రోలు కారును 2,000 రూపాయల ధరకు అందించేలా తయారుచేశాడు. అయితే పరిశ్రమలకు ప్రభుత్వ అనుమతి తప్పనిసరి అయిన ఆ కాలంలో, దాని ఉత్పత్తికి లైసెన్సు లభించలేదు. కారు తయారీ అంతటితో ఆగిపోయింది. సామాన్యుడికి అందుబాటు ధరలో కారు అన్న ఆలోచన ఈ దేశంలో కార్యరూపం దాల్చడానికి ఆ తరువాత మూడు దశాబ్దాలు పట్టింది. 1983లో మారుతి 800 మార్కెట్టులోకి వచ్చింది.

సాంకేతిక విద్య

నాయుడు 1944లో తన మోటారు సంస్థల నిర్వహణనుండి విరమించుకున్నాడు. పరిశోధక విద్యార్థులకు ఉపకార వేతనాలు, ఉద్యోగులకు, అణగారిన వర్గాలకు సంక్షేమ పథకాలు ప్రకటించాడు. 1945లో ఆయన విరాళంతో కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పాలిటెక్నిక్, దానితోపాటు ఇంజనీరింగు కళాశాల ఏర్పడ్డాయి. అప్పటి మద్రాసు గవర్నరు పేరు వీటికి పెట్టారు. నాయుడు ప్రిన్సిపాలుగా పనిచేశాడు. పట్టాలేని వ్యక్తి ఇంజనీరింగు కళాశాలకు అధిపతి కావడం విశేషం.

నాలుగేళ్ళ చదువు కాలహరణమనీ, చేతిపనికి ప్రాధాన్యమిస్తే రెండేళ్ళు చాలుననీ ఆయన అభిప్రాయం. ప్రభుత్వం ఇందుకు అంగీకరించలేదు. దానితో ఆయన పదవినుండి తప్పుకున్నాడు. చేసి నేర్చుకునే చదువుకూ, చదివి నేర్చుకునే చదువుకూ మధ్య ఉన్న ఈ వివాదం సాంకేతిక విద్యారంగంలో ఇప్పటికీ ముగియలేదు. ఆ కళాశాల ఆ తరువాత కోయంబత్తూరు ప్రభుత్వ సాంకేతిక కళాశాలగా రూపొందింది.

చివరి దశ, స్మృతి

1967లో జి.డి.నాయుడు పారిశ్రామిక ప్రదర్శనశాల ఏర్పడింది. యంత్రాలు ఎలా పనిచేస్తాయో సామాన్య ప్రజలు కూడా చూసి తెలుసుకోవడానికి ఇది తోడ్పడింది. 1974 జనవరి 4న తన 80వ ఏట నాయుడు మరణించాడు. ఆయన కుమారుడు జి.డి.గోపాల్ ఈ సంస్థల బాధ్యతను కొనసాగించాడు.

కుటుంబం సేకరించిన పాత కార్లతో 2015లో కోయంబత్తూరులో జీడీ కార్ మ్యూజియం ప్రారంభమైంది. ఆయన జీవితంపై తీసిన డాక్యుమెంటరీకి, 2019లో ప్రకటించిన 66వ జాతీయ చలనచిత్ర పురస్కారాలలో శాస్త్ర సాంకేతిక విభాగంలో బహుమతి లభించింది. 2025 అక్టోబరులో కోయంబత్తూరు అవినాశి రోడ్డుపై ప్రారంభమైన సుమారు 10 కిలోమీటర్ల పైవంతెనకు జి.డి.నాయుడు పేరు పెట్టారు.