ఒక సంగీతకారుడి గుండె – ఒక సూక్ష్మజీవి

తమ్ముళ్లూ, గుస్తావ్ మాలర్ పేరు మన పాఠ్యపుస్తకాల్లో కనిపించదు. నాకూ మైక్రోబయాలజీ చదువుతుండగానే తెలిసింది. పాశ్చాత్య సంగీతంలో ఆయన మహామహుడు. ఆయన చావు మాత్రం మనందరికీ ఒక పాఠం.

మాలర్ 1860 జూలై 7న నేటి చెక్ దేశంలోని కలిష్టే అనే పల్లెలో పుట్టాడు. తండ్రి సారా అంగడి నడిపేవాడు. 14 మంది సంతానంలో చాలామంది చిన్నప్పుడే పోయారు. ప్రాణంగా చూసుకున్న తమ్ముడు ఎర్నెస్ట్ 1875లో గుండెజబ్బుతో చనిపోయాడు. ఆ ఏడే మాలర్ వియన్నా సంగీత కళాశాలలో చేరాడు. ఎంత ప్రతిభ ఉన్నా యూదుడన్న వివక్ష వెంటాడింది. 1897లో మతం మారాకే వియన్నా ఆస్థాన ఒపేరాకు డైరెక్టర్ కాగలిగాడు. పుట్టుకను చూసి తలుపు మూయడం ఎంత బాధో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

1907లో పెద్దకూతురు స్కార్లెట్ జ్వరం, డిఫ్తీరియాలతో మరణించింది. కొద్ది రోజులకే డాక్టర్లు మాలర్ గుండె కవాటం దెబ్బతిన్నదని గుర్తించారు. ఆయనకు తరచూ గొంతునొప్పి వచ్చేది. కవాటం చెడడానికి కీళ్లవాత జ్వరమే కారణమని వైద్యుల అభిప్రాయం.

తర్వాత న్యూయార్క్ వెళ్లాడు. 1911 ఫిబ్రవరి 21న జ్వరంతోనే కచేరీ నడిపించాడు. అదే చివరిది. లిబ్‌మన్ అనే వైద్యుడు అనుమానించి ఆయన రక్తాన్ని కల్చర్ చేయించాడు. కొన్ని రోజులకు అందులో స్ట్రెప్టోకాకస్ పెరిగింది. మన నోటిలో, పళ్ల సందుల్లో మామూలుగా ఉండే జాతి అది. రక్తం కలిపిన అగార్ మీద పెంచితే చుట్టూ ఆకుపచ్చ ఛాయ వస్తుంది. చిగుళ్ల నుంచి రక్తంలోకి చేరితే ఆరోగ్యవంతుడికి సాధారణంగా ఏమీ కాదు. కానీ దెబ్బతిన్న కవాటం దొరికితే అక్కడే గూడు కట్టుకుంటుంది.

మాలర్ నిజం చెప్పమని అడిగి తెలుసుకున్నాడు. జబ్బు పేరు తెలిసింది గానీ మందు లేదు. 1911 మే 18న వియన్నాలో, 50 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. ఆ జబ్బును నయం చేసిన పెన్సిలిన్ వాడుకలోకి వచ్చింది 1940లలో.

తమ్ముళ్లూ, ఒకే గదిలో పదిమంది పడుకునే మనకు ఒకరి గొంతునొప్పి అందరికీ అంటుకుంటుంది. జ్వరంతో గొంతునొప్పి వస్తే, కీళ్లు వాచితే దాచుకోకండి. వార్డెన్ గారికి చెప్పి ఆసుపత్రికి వెళ్లండి. డాక్టరు రాసిన మందు పూర్తిగా వాడండి. రెండుపూటలా పళ్లు తోముకోండి. గుండె కవాటం జబ్బు ఉన్నవారు పన్ను తీయించుకునే ముందే ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. మాలర్‌కు దొరకని మందు మనకు దొరుకుతుంది. అడగడానికి మొహమాటపడకండి.

– పూర్వ విద్యార్థి, ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ, వాడపల్లి